సొంత కల్లంలో ట్రాక్టర్ కదిపితే డ్రంకెన్ డ్రైవ్ కేసా? కల్లం పబ్లిక్ ప్లేస్ ఎట్లా అయింది?

మిర్చి కల్లం:

అన్నలూ, మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఊరి పేరు వద్దులెండి, చిన్న ఊరు, రాస్తే ఇట్టే తెలిసిపోతుంది. సంగతి మా బామ్మర్దిది. పోయిన వారం వాడి మీద తాగి బండి నడిపాడని కేసు పెట్టారు. రోడ్డు మీద కాదు, కల్లంలో. అదే మాకు అర్థం కావట్లేదు.

జరిగింది జరిగినట్టే చెప్తాను. మిర్చి ఆరబోసి పది రోజులైంది, ఇంకో నాలుగు ఎండలు తగిలితే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలాలి. ఆ రోజు సాయంత్రం వాడు దోస్తు బండి వెనక కూర్చుని వంతెన దాటి కాళేశ్వరం వైపు పోయి తాగి వచ్చాడు. మా జిల్లాలో దారూబందీ (మద్యనిషేధం) కదా, తాగాలంటే గోదావరి దాటాల్సిందే. వచ్చి కల్లంలోనే మంచం వేసుకుని పడుకున్నాడు. రాత్రి పదకొండు దాటాక మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలాయి. ఏడాది కష్టమంతా పరదాల మీద ఉంది, ఎవడైనా చూస్తూ పడుకుంటాడా, లేచి ట్రాక్టర్ స్టార్ట్ చేసి, ట్రాలీలో ఉన్న బరకాలు కప్పుదామని కుప్ప పక్కకు ఓ ముప్పై అడుగులు నడిపాడు. అంతే. అదే టైముకు రోడ్డు మీద పోతున్న పోలీసు జీపు ఈ లైట్లు చూసి లోపలికి తిరిగింది. మిషన్ ఊదమన్నారు, 84 చూపించింది. అక్కడి నుంచి ఠాణా, ఠాణా నుంచి సర్కారు దవాఖాన, రక్తం తీశారు, తెల్లారి జామీను మీద వదిలారు. ట్రాక్టర్ మాత్రం ఇంకా ఠాణా ముందే ఎండకు ఎండుతోంది.

పంచనామా మరాఠీలో ఉంది. నేను చదివింది మరాఠీ బడిలోనే కాబట్టి చదవగలిగాను. స్థలం అన్న చోట "సార్వజనిక్ ఠికాణీ", అంటే పబ్లిక్ ప్లేస్‌లో అని రాశారు. ఆ భూమి సాత్‌బారాలో, అంటే భూమి రికార్డులో, మా మామ పేరు మీద ఉంది, కాగితం చూపించడానికి రెడీ. సొంత చేను సార్వజనిక్ ఎట్లా అవుతుంది? రేపు వాకిట్లో స్కూటర్ పక్కకు జరిపినా కేసేనా? ఇది కోర్టులో నిలబడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది, మా అత్త సరిగ్గా అన్నం తిని మూడు రోజులైంది.

అహేరి బస్టాండ్:

టెన్షన్ పడకు బావా, ఇది నిలబడదు. ట్రాక్టర్ అంటే వ్యవసాయ పనిముట్టు, నాగలితో సమానం. నాగలి పట్టుకుని తాగితే కేసు పెడతారా? సాత్‌బారా తీసుకుపోయి జడ్జి ముందు పెట్టండి, ఒక్క వాయిదాలో కొట్టేస్తారు. మా చిన్నాన్నకు ఇట్లాగే అయితే రెండు వేలు కట్టి బయటపడ్డాడు, అది కూడా ఏనాటి మాటో.

నల్లకోటు:

పై సలహా నమ్మి కోర్టుకు పోకండి. నేను చంద్రపూర్ వైపు ప్రాక్టీస్ చేస్తాను, ఇలాంటి కేసులు నెలకు రెండు మూడు చూస్తుంటాను.

ముందు ట్రాక్టర్ సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో ట్రాక్టర్ మోటారు వాహనమే. ఆ నిర్వచనంలోంచి మినహాయించినవి పట్టాల మీద నడిచేవి, ఫ్యాక్టరీలోనో ప్రహరీ ఉన్న ఆవరణలోనో మాత్రమే వాడేందుకు ప్రత్యేకంగా తయారైనవి, ఇంకా 25 సీసీ దాటని ఇంజను ఉన్న నాలుగు చక్రాలకంటే తక్కువ బండ్లు. నంబర్ ప్లేటు వేసుకుని ఎనుమాముల దాకా పోయే ట్రాక్టర్ నాగలి ఎట్లా అవుతుంది. రెండు వేలు కూడా పాత లెక్కే. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 జరిమానా లేదా రెండూ, రెండోసారి అయితే రెండేళ్ల దాకా జైలు లేదా 15,000 లేదా రెండూ. ఇది అక్కడికక్కడ చలానా కట్టి దులుపుకునే తప్పు కాదు, కోర్టుకు పోవాల్సిందే. రెండోసారి శిక్ష పడితే 22వ సెక్షన్ కింద లైసెన్సు రద్దు చేయడం తప్ప కోర్టుకు వేరే దారి లేదు.

ఇక అసలు ప్రశ్న. ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. శిక్ష వేసేది 185వ సెక్షన్. అందులో "పబ్లిక్ ప్లేస్" అన్న మాటే లేదు. నడుపుతున్నప్పుడు గానీ నడపబోతున్నప్పుడు గానీ, బ్రెత్ అనలైజర్ లేదా ల్యాబ్ పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ కనబడితే చాలు అంటుంది. పబ్లిక్ ప్లేస్ అన్న మాట వచ్చేది 203లో, అంటే యూనిఫాంలో ఉన్న పోలీసు ఎవరిని ఊదమని అడగొచ్చు అనే చోట. పబ్లిక్ ప్లేస్‌లో బండి నడుపుతున్నవాడిని, అదీ తాగాడని అనుమానించడానికి కారణం ఉన్నప్పుడు అడగొచ్చు. కాబట్టి మీ వాదన "మా కల్లంలో తాగి నడపడం నేరం కాదు" అన్నది అయితే పునాదే బలహీనం. "మా కల్లంలోకి వచ్చి ఊదమనే అధికారం మీకు లేదు" అన్నది అయితే దానికి కొంచెం ప్రాణం ఉంది, అది కూడా ఆ చోటు నిజంగా పబ్లిక్ ప్లేస్ కాకపోతేనే.

అది తేల్చేది సాత్‌బారా కాదు. 2(34)లో నిర్వచనం ఉంది. జనానికి వెళ్లే హక్కు ఉన్న రోడ్డు, వీధి, దారి, లేదా మరే చోటైనా, అది అటు నుంచి ఇటు పోయే దారి అయినా కాకపోయినా సరే, పబ్లిక్ ప్లేసే. బస్సు ఆగి జనాన్ని ఎక్కించుకుని దించే చోటు కూడా అందులోకే వస్తుంది. చూడండి, ఎవరి పేరు మీద ఉంది అని ఎక్కడా లేదు, ఎవరు రావచ్చు అని ఉంది. కాబట్టి చెప్పండి. కల్లానికి కంచె ఉందా, గేటు ఉందా? మీరు కాక ఇంకెవరైనా అందులోంచి నడుస్తారా, బండ్లు పోతాయా? వాకిట్లో స్కూటర్ అన్నారు. గేటు వేసి ఉన్న ప్రహరీ లోపల వాకిలికీ దీనికీ పోలిక లేదు.

ఇంకొకటి, కాగితాల మీద టైములు చూడండి. అరెస్టు ఎన్ని గంటలకు, డాక్టరు చూసింది ఎన్ని గంటలకు? 185 కింద పట్టుకున్నవాడిని రెండు గంటల లోపు డాక్టరుతో పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి అని 202లో ఉంది.

గాజువాక లారీ:

నాది సిరోంచే గానీ ఎనిమిదేళ్లుగా విశాఖలో లారీ మీద ఉన్నాను. మీ కేసుకు పనికొస్తుందేమో చూడండి. ఇక్కడ స్టీల్ ప్లాంట్ లోపల సరుకు మోసే ఒక కాంట్రాక్టర్‌కు 36 బండ్లున్నాయి. అవి లోపలి యార్డులోనే తిరుగుతాయి, బయటి రోడ్డెక్కవు. అయినా ట్యాక్స్ కట్టమన్నారు. కట్టి, కోర్టుకు పోయాడు. సుప్రీంకోర్టు దాకా పోయి 2025 ఆగస్టులో గెలిచాడు. ఆ యార్డు పబ్లిక్ ప్లేస్ కాదు, అక్కడ మాత్రమే తిరిగే బండికి రోడ్డు ట్యాక్స్ అడగొద్దు అన్నారు. అంత పెద్ద ప్లాంటే పబ్లిక్ కానప్పుడు ఒక మిర్చి కల్లం ఎట్లా అవుతుంది?

మిర్చి కల్లం:

గాజువాక అన్నా, చల్లని మాట చెప్పావు! మాది కూడా అంతే కదా, లోపల్లోపలే నడిపాడు, రోడ్డెక్కలేదు. నల్లకోటు సార్, అరెస్టు 11.20 అని ఉంది, డాక్టరు కాగితం మీద 12.50. కంచె లేదు సార్, మా వైపు కల్లాలకు ఎవరు వేస్తారు కంచె. నడిచేవాళ్లు అంటే... పక్క చేన్లవాళ్లు పోతుంటారు, వద్దంటే బాగుండదు కదా.

నల్లకోటు:

గంటన్నరలో చూపించారు, అంటే టైము విషయంలో పట్టుకోవడానికి ఏమీ లేదు.

స్టీల్ ప్లాంట్ తీర్పు నేనూ చదివాను, మంచి తీర్పే, కానీ అందులోనే మీకు దెబ్బ ఉంది. ఆ యార్డు చుట్టూ గోడ ఉంది, గేట్ల దగ్గర సీఐఎస్ఎఫ్ (కేంద్ర భద్రతా దళం) వాళ్లుంటారు, పాసు లేనిదే మనిషి గానీ బండి గానీ లోపలికి పోదు. అందుకే పబ్లిక్ ప్లేస్ కాదన్నారు. పెద్దదా చిన్నదా, ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్నది లెక్కే కాదు. పైగా అది ట్యాక్స్ గొడవ, తాగి నడిపిన కేసు కాదు. మీ దగ్గర గోడా లేదు, గేటూ లేదు, పక్క చేన్లవాళ్లు నడుస్తున్నారని మీరే రాశారు.

దీనికి అటువైపు చివర ఏముందో కూడా చూడండి. 2016లో బిహార్‌లో మద్యనిషేధం వచ్చిన కొత్తలో, జార్ఖండ్ నుంచి పట్నాకు కారులో పోతున్నవాళ్లను నవాదా జిల్లా చెక్‌పోస్టు దగ్గర ఆపి ఊదించారు. కారులో సీసా దొరకలేదు. మా సొంత కారు, లోపల కూర్చున్నాం, ఇది పబ్లిక్ ప్లేస్ ఎట్లా అని వాళ్లు సుప్రీంకోర్టు దాకా పోయారు. 2019 జులైలో కోర్టు ఏమందంటే, కారులోకి జనానికి హక్కుగా ప్రవేశం లేకపోవచ్చు గానీ, పబ్లిక్ రోడ్డు మీద ఉన్న ప్రైవేటు కారు దగ్గరికి చేరే వీలు జనానికి ఉంది, కాబట్టి అక్కడి ఎక్సైజ్ చట్టం కింద అది పబ్లిక్ ప్లేసే. ఆ చట్టంలోని నిర్వచనం వేరు, మోటారు వాహనాల చట్టంలోది వేరు, రెండూ కలిపేయకూడదు. కానీ సొంతం అన్న మాట ఒక్కటే పట్టుకుని పోతే ఏమవుతుందో చూశారు కదా.

పక్క చేన్లవాళ్లు అన్నారు, అక్కడే అసలు కీలకం ఉంది. వాళ్లు మీరు ఒప్పుకుంటే పోతున్నారా, లేక అది వాళ్ల హక్కా? మీ మామ మొహమాటానికి వదిలేసిన అడ్డదారి అయితే కథ వేరు. రికార్డులో ఉన్న పాందన్ రస్తా (చేలకు పోయే ఊరి బాట) అయితే వేరు. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గర ఊరి నక్షా చూడండి. బండిబాట అయితే జంటగా రెండు తెగిన గీతలు ఉంటాయి, కాలిబాట అయితే ఒక్కటే.

ల్యాబ్ తమ్ముడు:

లా నాకు తెలియదు, రక్తం గురించి రెండు ముక్కలు చెప్తాను. రక్తం తీసేటప్పుడు చేతికి స్పిరిట్ దూది రాశారా అని మీ బామ్మర్దిని అడగండి. ఆల్కహాల్ పరీక్షకు తీసే రక్తానికి స్పిరిట్ వాడకూడదు, అయోడిన్ లాంటిది రాయాలి. సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉండాలి, లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపు లెక్క మారొచ్చు. అవన్నీ సరిగ్గా జరిగి ఉంటే మాత్రం ఆశ పెట్టుకోకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ దిగేది గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. 84 ఉన్నవాడు 30కి రావాలంటే మూడున్నర గంటల పైన పడుతుంది. మజ్జిగ తాగినా, నిమ్మకాయ నమిలినా, తల మీద బిందె నీళ్లు పోసుకున్నా ఆ లెక్క కదలదు. నేను డ్యూటీలో చూసిన వాళ్లలో సగం మంది "రాత్రి తాగాను సార్, పొద్దున్నే కదా పట్టుకున్నారు" అనేవాళ్లే. అర్ధరాత్రికి 150 ఉంటే పొద్దున ఎనిమిదికి గానీ 30కి రాదు మరి.

అహేరి బస్టాండ్:

సరే నాగలి మాట వాపసు తీసుకుంటున్నా. ఇంకో ఐడియా ఉంది. అసలు వంతెన అవతల తాగలేదు, కల్లంలోనే కూర్చుని తాగాడు, ప్రైవేటు స్థలం, ఎవరికీ ఇబ్బంది లేదు అని చెప్తే?

ప్రాణహిత ఒడ్డు:

ఓరి నాయనా, ఆ మాట కోర్టులో అన్నాడంటే ఒక కేసు రెండవుతుంది. మనం ఉన్నది ఎక్కడ? గడ్చిరోలిలో 1993 నుంచి దారూబందీ. చంద్రపూర్‌కు 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు, మనకు ఎత్తలేదు. మహారాష్ట్ర మద్యనిషేధ చట్టంలో 66(1)(బి) అని ఉంది, పర్మిట్ లేకుండా తాగడమే తప్పు. అక్కడ రోడ్డా, ఇల్లా, కల్లమా అని ఎవరూ అడగరు. రక్తంలో 0.05 శాతం, అంటే 50 మిల్లీగ్రాములు తేలితే, నేను తాగింది మందులోదో టానిక్కులోదో అని రుజువు చేసుకునే భారం మన నెత్తినే పడుతుంది. బండి కేసుకు 30 చాలు, ఈ కేసుకు 50, వీడిది 84. ప్రైవేటు ప్రైవేటు అని అరిచి అరిచి ఇంకో తలుపు మనమే తెరిచినట్టవుతుంది.

నాకు అరవై దాటాయి, ఈ వంతెన లేనప్పుడు తాగాలంటే పడవ ఎక్కి పోయేవాళ్లు. పడవవాడు చీకటి పడ్డాక తిరిగి ఎక్కించుకునేవాడు కాదు, తాగినవాడు ఆ రాత్రికి అవతల గుడి దగ్గరో చెట్టు కిందో పడి ఉండేవాడు, పొద్దున దిగాక వచ్చేవాడు. 2016 చివర్లో వంతెన తెరిచినప్పటి నుంచి పది నిమిషాల్లో పోయి పది నిమిషాల్లో వస్తున్నారు. దారూబందీ నది ఇవతల, బారు నది అవతల, మధ్యలో బండి. ఇంతకీ ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు నాయనా. బామ్మర్ది వెనక కూర్చుని వచ్చాడన్నావు, మరి ముందు కూర్చున్న దోస్తు కాళేశ్వరంలో సోడా తాగాడా?

నల్లకోటు:

పెద్దాయన, ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబు రాయించకండి! మిర్చి తమ్ముడూ, నువ్వు కూడా రాయకు. వాడు తాగాడు వీడు తాగాడు అని అందరూ చూసేచోట రాసేసి తర్వాత వకీలు దగ్గరికి వస్తే మేమేం చేస్తాం.

ఎక్కడ తాగాడన్నది 185కు అనవసరం. నదికి ఏ ఒడ్డున తాగినా, నడిపే సమయానికి రక్తంలో ఎంత ఉంది అన్నదే లెక్క.

ఇంకో మాట, ఇది కేసు గురించి కాదు. కల్లంలో ఆడవాళ్లు తాలుకాయ ఏరుతుంటారు, పిల్లలు పరదాల మీదే పడుకుంటారు. చీకట్లో ట్రాలీ వెనక్కి పోనిచ్చినప్పుడు ఎవరికైనా తగిలి ప్రాణం పోయి ఉంటే, భారతీయ న్యాయ సంహిత 106 పడేది. దానికి పబ్లిక్ ప్లేసా కాదా అన్న చర్చే లేదు, నిర్లక్ష్యం ఉంటే చాలు. ఇన్సూరెన్స్ వాళ్లు డ్రైవరు తాగి ఉన్నాడు అన్న ఒక్క ముక్క పట్టుకుని తప్పుకోవాలని చూసేవాళ్లు. అప్పుడు పరిహారం మీ నెత్తిన పడితే, తమ్ముడూ, ఇల్లు కట్టినంత ఖర్చు అయ్యేది.

నక్షా చూశావా?

మిర్చి కల్లం:

చూశాను సార్. నిన్న మామను తీసుకుని తలాఠీ దగ్గరికి పోయాం, ఊళ్లో పోలీసు వ్యవహారాలు చూసే పోలీస్ పాటిల్ కూడా వచ్చాడు. నక్షాలో మా చేను గట్టు పక్క నుంచి రెండు తెగిన గీతలు పోతున్నాయి, మీరు చెప్పినట్టే. గట్టు పక్క నుంచే కదా, కల్లం లోపల లేదు కదా అని నాకు ప్రాణం లేచివచ్చింది. తర్వాత పాటిల్ మమ్మల్ని కల్లానికి తీసుకొచ్చి టేపు పట్టించాడు.

సార్, కల్లంలో సగం ఆ బాట మీదే ఉంది. నల్లరేగడి చేను కదా, బాట ఒక్కటే గట్టిగా, చదునుగా ఉంటుంది, ఏళ్ల తరబడి ఎడ్లబండ్లు తొక్కి తొక్కి బండలా అయింది. మిర్చి ఆరబోయడానికి అంతకంటే మంచి చోటు లేదని మా మామ మూడేళ్ల క్రితం పరదాలు అటు జరిపాడట. ట్రాక్టర్ కదిపిన ముప్పై అడుగులూ ఆ బాట మీదే. టైరు గుర్తులు ఇంకా అట్లాగే ఉన్నాయి. సాత్‌బారా కాగితం మా మామ చేతిలోనే ఉంది, మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

వకీలును పెట్టుకున్నాం. ప్రైవేటు అన్న మాట ఎత్తొద్దు, మొదటి తప్పు, వర్షం, పంట అని చెప్పి జరిమానాతో పోయేట్టు అడుగుదాం అంటున్నాడు. ట్రాక్టర్ విడిపించడానికి అర్జీ పెట్టాం. మిర్చికి తేమ తగల్లేదు, అదొక్కటే అదృష్టం, అద్దె బండి మాట్లాడాం. రక్తం తీసేటప్పుడు స్పిరిట్ రాశారా అని బామ్మర్దిని అడిగితే, బావా నాకు సూది గుచ్చిందే గుర్తులేదు అన్నాడు.

మేము టేపు పట్టుకుని కొలుస్తుండగానే పక్క చేను ముసలాయన సైకిల్ నడిపించుకుంటూ వచ్చి ఆగాడు. మా కొలతలన్నీ కాసేపు చూసి, "కాయ ఎప్పుడు ఎత్తుతారయ్యా, ఎన్ని రోజుల నుంచో చుట్టూ తిరిగి పోతున్నా" అన్నాడు. పాటిల్ నా వైపు చూశాడు, నేను బామ్మర్ది వైపు చూశాను. వాడు అప్పటికే ఒక పరదా కొస పట్టుకుని లాగుతున్నాడు.